ఫ్యూజు పోని ఇల్లు

నేను రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. ముప్ఫై ఎనిమిదేళ్ళకు రిటైరయ్యేది క్రికెటర్లు మాత్రమేనని మా వీధిలో గట్టి నమ్మకం. నేను ఇళ్ళకు వైరింగ్ చేసేవాణ్ణి. పదహారేళ్ళు చేశాను, ఎక్కువగా బందరులో, అప్పుడప్పుడూ గుడివాడ, అవనిగడ్డ వైపు. ఒక రోజు కింద పడ్డాను. కుడి మణికట్టు విరిగింది, అతికింది, కానీ వేళ్ళలో పట్టు తిరిగి రాలేదు. ఎలక్ట్రీషియన్ పడ్డాడంటే జనం కరెంటు స్తంభాన్ని ఊహించుకుని జాలిపడతారు. నేను పడింది మా ఇంట్లో ప్లాస్టిక్ స్టూలు మీంచి, ఫ్యాను రెక్కలు తుడుస్తూ. ఆ సమయానికి కరెంటు కూడా లేదు.

ఇప్పుడు ఐటీఐ పూర్తిచేసిన కుర్రాళ్ళు అడపాదడపా వచ్చి కూర్చుంటారు. "అన్నా, నీకు పెద్ద షాక్ ఎప్పుడు కొట్టింది?" అన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. కొట్టింది. చెయ్యి దులుపుకుని, నన్ను నేనే తిట్టుకుని, టీ తాగాను. అందులో కథేమీ లేదు.

తీగలు ఎలా కలపాలో పుస్తకాల్లో ఉంది. ఇక్కడ రాసేది ఇంకొకటి. ఇల్లు పెరిగింది, మెయిన్ బోర్డు పెరగలేదు అని ఎలా కనిపెట్టాలి, కనిపెట్టాక ఆ మాట ఇంటివాళ్ళకు ఎలా చెప్పాలి. మొదటిది నాకు ఏడాదిలో వచ్చింది. రెండోది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది రాకపోవడం వల్ల ఒకావిడ వ్యాపారం పోవలసింది. ఆ సంగతి కూడా రాస్తాను.

ముందు వంటింటి గుమ్మం

నాకు పని నేర్పింది ఖాదర్ గారు. బందరులో ఆయన్ని ఎరగని పాత ఇల్లు లేదు. ఎరగని కొత్త ఇళ్ళు చాలా ఉన్నాయి, ఎందుకంటే ఆయన మాట తీరు కొత్త ఇళ్ళవాళ్ళకు నచ్చదు. ఎక్కడికెళ్ళినా మిగతావాళ్ళంతా మెయిన్ బోర్డు వైపు నడిస్తే ఆయన వంటింటి గుమ్మం దగ్గర ఆగేవారు. ఇంటి యజమాని వరండాలో వోల్టేజీ మీద ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. ఈయన "అలాగేనండి, అలాగేనండి" అంటూనే లోపలికి చూసి అడిగేవారు.

"అమ్మా, మిక్సీ వేస్తే ఏది తగ్గుతుందండి?"

"ఆయన చెప్తున్నారు కదండీ," అనేది లోపలి ఆవిడ.

"మిక్సీ ఆయన వేస్తారాండి?"

అక్కడితో వరండా ఉపన్యాసం ఆగిపోయేది. ఇంటి అసలు చరిత్ర వంటింట్లోంచి బయటికొచ్చేది. ఫ్రిజ్ మోటారు అందుకున్నప్పుడల్లా దేవుడి గదిలో బల్బు తగ్గుతుందనీ, ఇస్త్రీపెట్టె పెట్టే ప్లగ్గు ముట్టుకుంటే వెచ్చగా ఉంటుందనీ, మూల స్విచ్చు చిటచిటమంటుంది కాబట్టి దాన్ని రెండుసార్లు వేస్తామనీ. బోర్డు జబ్బుపడితే ఇంట్లోవాళ్ళు బోర్డును మార్చరు, తమ అలవాట్లు మార్చుకుంటారు. గ్రైండరు వెయ్యాలంటే ఏసీ ఆపాలన్నది ఆ ఇంటి ఆచారమైపోతుంది. కొత్త కోడలు వస్తే దీపం ఎక్కడ పెట్టాలో చెప్పినట్టే ఇదీ చెబుతారు.

ఇవన్నీ విన్నాక ఖాదర్ గారు బోర్డు దగ్గరకెళ్ళి, చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ వెనక భాగం మూతకు ఆనించేవారు. అరచేత్తో ముట్టుకుంటే, అందులో కరెంటుంటే, చెయ్యి దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. వెనక వైపైతే చెయ్యి తనంతట తానే ఇవతలికొస్తుంది. వేడి ఉంటే తెలుస్తుంది, మనిషి కూడా మిగులుతాడు.

మీరు ఇదే క్రమం పాటించండి. ముందు మాట వినడం, తరువాత చెయ్యి, చివరికి స్క్రూ డ్రైవర్. చాలామంది స్క్రూ డ్రైవర్‌తో మొదలుపెడతారు. అది చేతిలో ఉంటే పనిమంతుల్లా కనిపిస్తామని.

జేబులో కాలిన ముక్క

మధ్యలో ఎనిమిది నెలలు గుడివాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేశాను. పేరు అక్కర్లేదు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కాలిపోయిన ఎంసీబీ ఉండేది. లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే చిన్న స్విచ్చు, అది. ఏ ఇంటికెళ్ళినా బోర్డు మూత తీసి, అటు తిరిగి, ఇటు తిరిగేసరికి ఆ నల్లటి ముక్క ఆయన అరచేతిలో ఉండేది.

"చూశారా? మీ ఇంట్లోంచే తీశాను. ఇంకో వారమైతే ఇల్లు మిగిలేది కాదు."

ఇంటివాళ్ళు హడలిపోయి బోర్డు మొత్తం మార్పించేవాళ్ళు. ఒకసారి ఆయన చొక్కా మార్చుకుని ముక్క ఇంట్లో మర్చిపోయాడు. ఆ రోజు పని వాయిదా వేశాడు, ఒంట్లో బాగోలేదని. ఇంకోసారి ఒక పెద్దాయన ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, తాపీగా అన్నాడు.

"ఇది పోయిన నెల మా తమ్ముడింట్లో కూడా కాలిందండి. అప్పుడూ ఈ మూలే కాలింది."

నేను మర్నాటి నుంచి మానేశాను. నీతి కోసమని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, ఆ పెద్దాయన చూసిన చూపులో నేను కూడా ఉన్నాను, అది అసలు కారణం. భయపెట్టి మార్పించిన ప్రతి బోర్డూ ఇంకో పదిమందికి ఎలక్ట్రీషియన్ మాట నమ్మకూడదని నేర్పుతుంది. ఎవరి ఇంటి బోర్డు వాళ్ళకే చూపించాలి. బాగుంటే బాగుందనాలి.

బాగున్నదాన్ని మార్చిన పాపం నాకూ ఉంది. అవనిగడ్డలో ఒక ఇంట్లో రోజూ సాయంత్రం లైట్లు మందగిస్తున్నాయన్నారు. నేను పాత బోర్డు పీకి కొత్తది పెట్టాను. సాయంత్రమైంది. లైట్లు యథాప్రకారం మందగించాయి. బయటికొచ్చి చూస్తే వీధి మొత్తం అంతే ఉంది, లోపం బయటి లైనులో. పక్కింటి బల్బు వైపు ఒక్కసారి చూస్తే తెలిసేది, నేను చూడలేదు. ఇంటాయన మంచివాడు. "చీకటి అదే గానీ, పెట్టె చాలా బాగుందండి," అన్నాడు.

ఈ రెండూ అయ్యాక ఎవర్నీ భయపెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బోర్డు మార్చమని గట్టిగా చెప్పాల్సిన చోట కూడా ఒక జోకు వేసి వచ్చేసేవాణ్ణి. జనానికి నేను నచ్చాను. "సరదా మనిషండీ" అని పిలిచేవాళ్ళు. ఆ పేరుతోనే మంగినపూడి దాకా వెళ్ళాను.

అది మా చేప కాదు

నాగలక్ష్మి ఇల్లు మంగినపూడి బీచికి ఇవతల, మత్స్యకారుల పేటలో. రెండు గదుల డాబా, పక్కన రేకుల షెడ్డు. ఆవిడ తెల్లవారుతూనే ఒడ్డుకెళ్ళి పడవల దగ్గర చేపలు కొని బందరులో అమ్ముతుంది. భర్త ఏడుకొండలు వేటకెళ్తాడు. మొదటి రోజు పది నిమిషాల్లోనే ఆవిడ నాకు అక్క అయిపోయింది, ఆయన బావ అయిపోయాడు. ఆ పేటలో వరస కలపకుండా మంచినీళ్ళు కూడా ఇవ్వరు.

ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. అంతకుముందు దొరికిన సరుకు దాచుకున్నవాళ్ళకు ఆ రెండు నెలలూ వ్యాపారం ఉంటుంది. దాచుకునే చోటు లేనివాళ్ళు బీచికొచ్చే లారీ వ్యాపారి ఎంతంటే అంతకు ఇచ్చేసి, ఇంట్లో కూర్చోవాలి. నాగలక్ష్మికి అప్పటికే ఒక ఫ్రీజరుంది. ఆ ఏడు వీధిలో మరో నలుగురు ఆడవాళ్ళ సరుకు కూడా తన దగ్గర పెట్టుకుంటానని మాటిచ్చి, రెండో ఫ్రీజరు సెకండ్ హ్యాండ్‌లో తెచ్చింది. నన్ను పిలిచింది దానికి ఒక ప్లగ్గు పాయింటు పెట్టమని. నిషేధానికి పన్నెండు రోజులుంది.

మెయిన్ బోర్డు వాస్తు ప్రకారం ఆగ్నేయ మూలలో ఉంది. చెక్క బోర్డు, తెల్ల పింగాణీ ఫ్యూజులు. నాలుగు బల్బులూ రెండు ఫ్యాన్లూ ఉన్న రోజుల్లో పెట్టినది. ఇప్పుడు దాని మీద ఒక ఫ్రీజరు, పెట్టబోయే రెండోది, నీళ్ళ మోటారు, గ్రైండరు, ఈ మధ్యే బిగించిన ఏసీ. పైన మేకుకు నైలాను వల వేలాడుతోంది. అగ్నికి కేటాయించిన మూలలో వల పెట్టకూడదని వాస్తులో లేదు కాబోలు.

ఒక ఫ్యూజు లాగి చూశాను. వెంట్రుకంత సన్నటి తీగ ఉండాల్సిన చోట మూడు పేటల రాగి తీగ మెలేసి ఉంది.

"మూడేళ్ళయింది బావా, ఒక్కసారి ఫ్యూజు పోలా," అన్నాడు ఏడుకొండలు. సొంత పనితనం మరి.

"ఎందుకు పోద్ది బావా? దీంతో పడవ కట్టెయ్యొచ్చు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఫ్యూజు పోవడమే దాని ఉద్యోగమనీ, అది పోకపోతే దాని బదులు గోడలో తీగ కాలుతుందనీ చెప్పాను. బోర్డు మార్చాలని కూడా అన్నాను. అయితే పెళ్ళి భోజనంలో ఇంకో గరిటె వెయ్యమన్నంత మెత్తగా అన్నాను.

"మార్చాలంటే కరెంటు ఆపాలిగా?" అంది నాగలక్ష్మి. "రెండు రోజులు ఆపితే లోపల సరుకేం కావాలి తమ్ముడూ? ఐసు ఫ్యాక్టరీ కాడ చూశావా, లైను రోడ్డు దాకా ఉంది. నిషేధం అయ్యాక మారుద్దాంలే."

"సరేనక్కా."

ఆవిడ వెళ్ళబోయి ఆగింది. "ఇంకో మాట. మధ్యాహ్నం పూట ఈ మూల ఏదో వాసనొస్తందయ్యా. చేప వాసన."

ఇంతకంటే మంచి అవకాశం నా వృత్తి జీవితంలో రాలేదు. "అక్కా, మంగినపూడిలో చేప వాసనొస్తందని కంప్లైంట్ ఇచ్చిన మొదటి మనిషివి నువ్వే. స్టేషన్లో కూడా రాసుకోరు."

ఏడుకొండలు వల పట్టుకుని మరీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"నవ్వండి. అది మా చేప కాదు."

"పక్కింటోళ్ళదా?"

"కానాగంత కాదు, చందువా కాదు, ఎండు చేప కాదు. కుళ్ళిందీ కాదు. నాకు తెలిసిన ఏ చేపా కాదు అది."

"అయితే కొత్త రకం అక్కా. నీ పేరే పెట్టేద్దాం."

ప్లగ్గు పాయింటు బిగించి, తీగను ఆ బోర్డుకే కలిపి వచ్చేశాను. ఒక్క గంటలో రెండు తప్పులు చేశాను. చావబోతున్న బోర్డు మీద ఇంకో బరువు పెట్టాను, చెప్పిన మనిషిని నవ్వుతో పక్కకు నెట్టాను. మొదటిది చేతి తప్పు. రెండోది పెద్దది.

బండి తియ్యరా

మర్నాడు సాయంత్రం నాలుగింటికి బందరులో టీ కొట్టు దగ్గర ఖాదర్ గారు కనిపించారు. అప్పటికి ఆయనకు మోకాళ్ళ నొప్పులు, పని తగ్గించేశారు. నేను చేప వాసన కంప్లైంటు కథ చెప్పాను. నాగలక్ష్మి గొంతు పెట్టి, ఏడుకొండలు నవ్వు కూడా కలిపి, బాగా చెప్పాను. టీ కొట్టులో ఇద్దరు నవ్వారు కూడా.

"ఏ చేపందిరా?" అన్నారు ఖాదర్ గారు.

"ఏదీ కాదందండి. అదే కదా జోకు."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. "పుట్టినప్పట్నుంచి చేపల్లో ఉన్న మనిషి ఇది చేప కాదు అంటే, నీకు నవ్వొచ్చింది."

అప్పటికి నాకు వెలిగింది. పాత స్విచ్చుల్లో, తీగలు కలిపే బిళ్ళల్లో వాడే గట్టి ప్లాస్టిక్ వేడెక్కి మాడడం మొదలైతే నిల్వ చేప లాంటి వాసన వస్తుంది. ఇది ఆయన నాకు మొదటి ఏడాదే చెప్పారు. బందరులో ఏ బ్రాహ్మణ వీధిలోనో ఎవరైనా చేప వాసనంటే నేను బోర్డు దగ్గరకు పరిగెత్తేవాణ్ణి. చేపలపేటలో అనేసరికి నా బుర్ర దానికి వేరే అర్థం వెతుక్కుని సంతోషపడింది. ఆ పేటలో ఆ వాసన ఎవరికీ తెలియదు, అందరి ఇళ్ళలోనూ చేప వాసన ఎప్పుడూ ఉండేదే కాబట్టి. ఆవిడ ఒక్కతే విడదీసి చెప్పగలిగింది.

"బండి తియ్యరా శీనూ."

దారి పొడుగునా నా ఊహలో ఆ ఇల్లు రెండుసార్లు తగలబడింది. మూడోసారి తగలబడుతుండగా చేరుకున్నాం. ఇల్లు నిక్షేపంగా ఉంది. ఏడుకొండలు గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తింటున్నాడు.

"ఏంది బావా, పటకారు మర్చిపోయావా?"

ఖాదర్ గారు చెప్పులు విప్పకుండానే లోపలికి నడిచారు. అది నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి వెనక్కి తిప్పి బోర్డుకు ఆనించి, వెంటనే తీసేశారు.

"ఇప్పుడే ఆపాలండి," అన్నారు.

"ఇప్పుడా? లోపల నలుగురి సరుకుందండీ," అన్నాడు ఏడుకొండలు, కంచం పక్కన పెట్టి. "రేపు పొద్దున ఐసు చెప్పుకుంటాం. రాత్రికేం కాదు. మూడేళ్ళబట్టి..."

ఖాదర్ గారు ఆయనతో వాదించలేదు. షెడ్డులోంచి వస్తున్న నాగలక్ష్మి వైపు తిరిగారు. "అమ్మా, ఒకసారి ఇలా రండి. మీరు నిన్న చెప్పిన వాసన ఇదేనా?"

ఆవిడ బోర్డు దగ్గర నిలబడి గాలి పీల్చింది. "ఇదేనండి. ఇయ్యాల ఎక్కువుంది."

"అది చేప కాదమ్మా. బోర్డు. లోపల మాడుతోంది."

ఆవిడ ఫ్రీజర్ల వైపు చూసింది. రెండూ నిండుగా ఉన్నాయి. ఒక దాంట్లో ఆవిడది, రెండో దాంట్లో ఆవిడ మాట నమ్మినవాళ్ళది.  ఆవిడ ముందు మేకు మీంచి వల తీసి భర్త చేతుల్లో పడేసింది. తరువాత మెయిన్ స్విచ్ పిడి కిందికి లాగింది. ఫ్రీజర్ల హోరు ఆగిపోయింది. అంతదాకా సముద్రం చప్పుడని నేననుకున్నదాంట్లో సగం వాటిదే.

బోర్డు విప్పితే వెనక చెక్క అరచేయంత మేర బొగ్గు. కరెంటు తిరిగెళ్ళే న్యూట్రల్ తీగలు కలిసే చోట ప్లాస్టిక్ కరిగి, జారి, గట్టిపడింది. నేను ముందురోజు లాగిన కొత్త ఎర్ర తీగ తళతళలాడుతూ ఆ బొగ్గు పక్కకే వెళ్ళింది. దాన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. అక్కర్లేదు కూడా.

నలుగురు

కబురందుకుని నలుగురు ఆడవాళ్ళూ వచ్చారు. అందరికంటే పెద్దావిడ మాణిక్యమ్మ, ఏడుకొండలుకు మేనత్త. ఆవిడ ఫ్రీజరు మూత తీసి, చెయ్యి పెట్టి, చూసి, మూసింది.

"నీ మాట మీద పెట్టాం నాగలక్ష్మీ."

నాగలక్ష్మి తల ఊపింది. "నిన్ననే చెప్పాను, ఈ అబ్బాయి నవ్వాడు" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. ఆవిడ అంటే నేను ఒక జోకుతో తప్పించుకునేవాణ్ణి, నాకు తెలుసు. అనలేదు కాబట్టి నేనే చెప్పాల్సొచ్చింది.

"ఆవిడ నిన్ననే చెప్పిందండి. నేనే పట్టించుకోలేదు. నవ్వాను."

మాణిక్యమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నవ్వడం కూడా మీ కరెంటు పన్లోదేనా అబ్బాయ్?"

నేను షెడ్డులోంచి టబ్బులు తేవడానికి వెళ్ళాను.

ఎవరి సరుకు వాళ్ళు టబ్బుల్లోకి ఎత్తుకున్నారు. కొంత లారీ వ్యాపారికి వెళ్ళింది, అతను చెప్పిన ధరకే. మెత్తబడిన రొయ్యలు ఉప్పు చల్లి ఇసుక మీద పట్టా వేసి ఎండబెట్టారు. మామూలుగా అయితే ఇక్కడ ఒక ఏడుపు ఉండాలి. ఎవరూ ఏడవలేదు, పని చాలా ఉంది.

పడిపోయే స్విచ్చు

ఖాదర్ గారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను రెండు రోజుల్లో మొత్తం మార్చాను. ఉప్పుగాలికి ఇనుప పెట్టె తుప్పు పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ పెట్టె. ఒక్కో ఫ్రీజరుకు విడిగా తీగ, విడిగా ఎంసీబీ. ఎంసీబీ సైజు తీగ లావును బట్టి పెట్టాలి, ఇంటాయన కోరికను బట్టి కాదు. ఒంటికి షాక్ కొట్టే లోపల మొత్తం కట్ చేసే స్విచ్చు ఇంకొకటి. ఎర్త్ కోసం ఇసుకలో గొయ్యి తవ్వితే నడుంలోతు రాకముందే నీళ్ళు పడ్డాయి. లోడు పెంచమని కరెంటాఫీసులో అర్జీ కూడా పెట్టించాను. కాగితాల గురించి రాయనని ముందే అనుకున్నాను కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

కొత్త బోర్డు మొదటి రోజు మూడుసార్లు పడిపోయింది. రెండో రోజు నాలుగుసార్లు. పేట మొత్తం తీర్పు చెప్పేసింది.

"పాతదే నయం బావా," అన్నాడు ఏడుకొండలు. "మూడేళ్ళల్లో ఒక్కసారి పోలా. ఇది పూటకోసారి పోతంది. ఈ షాకు స్విచ్చు పీకేసి డైరెక్ట్ కలిపెయ్యి."

మీరు వినబోయే మాటల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇది, గుర్తుపెట్టుకోండి. బోర్డు మార్చాక మొదటి వారం ప్రతి ఇంట్లోనూ అంటారు. కొత్త బోర్డు పడిపోతుంటే అది చెడ్డదని కాదు, పాతది ఇన్నాళ్ళూ దాచిపెట్టినవి బయటపెడుతోందని. కానీ ఈ ముక్క ఎంత చక్కగా చెప్పినా ఎవరూ నమ్మరు. వెతికి, పట్టుకుని, చూపించాలి.

నిషేధానికి వారం ఉంది. రెండు ఫ్రీజర్లూ దాదాపు ఖాళీ. నలుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ళు రాకపోతే నాగలక్ష్మికి ఆ రెండు నెలలు మాత్రమే కాదు, ఆ వీధిలో మాట కూడా పోతుంది. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్క లైనూ ఆపుతూ, వేస్తూ కూర్చున్నాను. మూడో రోజుకు తేలింది, సెకండ్ హ్యాండ్ ఫ్రీజరు వేసి ఉన్నప్పుడే స్విచ్చు పడుతోంది. ఈసారి వంటింటి గుమ్మం దగ్గరకెళ్ళి అడిగాను.

"అక్కా, ఆ ఫ్రీజరు ముట్టుకుంటే నీకెప్పుడైనా ఏమన్నా అనిపించిందా?"

"జివ్వుమంటది. చల్లదనానికి అనుకున్నా."

నేను నవ్వలేదు. వెనక మూత విప్పితే మోటారుకెళ్ళే తీగ రేకు అంచుకు రాసుకుని తొక్క ఊడిపోయి ఉంది. ఆవిడ తడి చేతులతో ఆ ఫ్రీజరును రోజూ ముట్టుకుంటూ వచ్చింది. తీగ మార్చి, ఊడిన ముక్క ఏడుకొండలు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. స్విచ్చు పీకెయ్యమని మళ్ళీ అనలేదు. ఆ తరువాత మూడు రోజులు అది ఒక్కసారి కూడా పడలేదు.

నలుగురూ ఆ మూడు రోజులూ రాలేదు.

వేట చివరి రోజు నాకు అక్కడ పనేమీ లేదు, అయినా వెళ్ళాను. పడవలు వచ్చేశాయి. బీచిలో లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. నాగలక్ష్మి తన సరుకు ఒక ఫ్రీజరులో సర్దుకుని, రెండోదాని మూత తుడుస్తోంది. అప్పటికి దాన్ని నాలుగోసారి తుడుస్తోంది.

మాణిక్యమ్మ నడుం మీద టబ్బుతో వచ్చి గుమ్మం అవతల ఆగింది. లారీకి వెళ్ళే దారి కూడా అదే, కాబట్టి ఎటు వెళ్తుందో తెలియదు. ఆవిడ నాగలక్ష్మిని పలకరించలేదు. నన్ను అడిగింది.

"ఏమయ్యా నవ్వే అబ్బాయ్, ఇది మళ్ళీ పోద్దా?"

"పోదత్తా!" అని అరిచాడు ఏడుకొండలు లోపల్నుంచి. "ఇంక జన్మలో పోదు!"

పోదు అంటే అక్కడికి పని జరిగిపోతుంది. నాగలక్ష్మి తుడుస్తున్న గుడ్డ ఆపి నా వైపే చూస్తోంది.

"పోద్దండి," అన్నాను. "పోవాల్సినప్పుడు పోద్ది. పోతే ఫోన్ చెయ్యండి, వస్తాను. తీగ కట్టెయ్యమాకండి."

లారీవాడు హారన్ కొట్టాడు.

"పోదన్నోడు మూడు పేటలు కట్టాడు," అంది మాణిక్యమ్మ, ఏడుకొండలు వైపు చూపు పారేసి. "పోద్దన్నోడే నయం. మూత తియ్యవే నాగలక్ష్మీ."

టబ్బు దింపడానికి ఒక పక్క నేను పట్టుకున్నాను. నిండా కానాగంతలు, అప్పుడే పడవ మీంచి దిగినవి. లారీ దాకా మోసేవాళ్ళు అడుగున ఐసు పరిచి, పైన గోనె కప్పుతారు. ఈ టబ్బులో ఐసు ముక్క కూడా లేదు. ఇక్కడికేనని మాణిక్యమ్మ ఇంటి దగ్గరే తేల్చుకుని బయల్దేరింది. నన్ను అడిగింది ఊరికే.